థాలియా మా ఇంటికొచ్చిన శుక్రవారం

పోయిన వారం సుభద్ర ఆంటీ ఫోన్ చేసింది. “అమ్మడూ, గుర్తుపట్టావా?” అంది. గుర్తుపట్టకపోవడమేమిటి, ఆ గొంతు ఏం చెబితే అదే వేదంగా గడిచిన రోజులున్నాయి నాకు. మనవరాలికి వెస్ట్ బేలో ఉద్యోగం వచ్చిందట, దాని దగ్గర కొన్నాళ్ళు ఉండి పోదామని దోహా వచ్చిందట. “నీ కథలన్నీ చదువుతున్నానే. ఎంత నవ్విస్తావో తల్లీ. నా చేతుల్లో పెరిగినదానివి, ఎక్కడికి పోతుంది? మీ అమ్మ కూడా నీ దగ్గరే ఉందటగా, శుక్రవారం సాయంత్రం వస్తాం” అంది. రండి ఆంటీ అన్నాను. ఇంటికొస్తానన్న పెద్దావిడను రావద్దనడం నాకు చేతకాదు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్తే అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎవరని అడిగితే చెప్పాను. తల ఎత్తకుండానే, “రానీ, పెద్దావిడ కదా” అంది. చేతిలో కాయకు తీయడానికి ఈనె మిగల్లేదు, అయినా చాలాసేపు తీస్తూనే ఉంది.

నా చిన్నప్పుడు కూడా మేం దోహాలో ఈ అల్ సద్‌లోనే ఉండేవాళ్ళం. మెట్రో లేదు, ఇన్ని క్లినిక్కులు లేవు, టాక్సీలు కూడా పిలిస్తే వచ్చేవి కావు. మా మేడ కింద ఖుబ్బూస్ కాల్చే కొట్టు ఉండేది. పొద్దున్నే ఆ రొట్టెల వాసన కిటికీ ఏసీ సందుల్లోంచి దూరి మమ్మల్ని నిద్ర లేపేది. ఎదురింటి అరబ్బు ముసలమ్మ సాయంత్రం కాగానే సాంబ్రాణిలాంటి బఖూర్ పొగ వేసేది. మా వంటింట్లో ఏ వేళప్పుడైనా నువ్వులు వేగుతుండేవి. బాపు సర్వేయరు. రోడ్డు రాకముందే ఆ రోడ్డు పోయే చోటికి వెళ్ళి, ఎండలో నిలబడి కొలతలు తీసేవాడు. జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆఫీసులో పైనున్న తెలుగు ఇంజనీర్లందరూ కోస్తా జిల్లాల వాళ్ళు. బాపు నోరు తెరిచి ఒక్క వాక్యం మాట్లాడగానే వాళ్ళ పెదవుల మీదికి ఓ చిన్న నవ్వు వచ్చేదట. పెద్ద నవ్వయితే బాపు కూడా కలిసి నవ్వేసేవాడేమో గానీ ఆ చిన్న నవ్వును భరించలేకపోయాడు. కొన్నాళ్ళకే భాష మార్చేశాడు. ఇంట్లో ‘పోయిండు’, గడప దాటితే ‘వెళ్ళాడు’. నాకూ అదే అలవాటు చేశాడు. ఇంట్లో ఆయన బాపు, బయట నాన్నగారు. బయటికి వెళ్ళేటప్పుడు చెప్పులేసుకున్నట్టే ఆ భాషా వేసుకుని వెళ్ళేవాళ్ళం.

అమ్మకు మాత్రం ఆ విద్య పట్టుబడలేదు. ఒక వాక్యం వాళ్ళలాగా మొదలుపెడితే సగంలోకి వచ్చేసరికి తన పుట్టినూరు మెట్‌పల్లి చేరేది. అందుకని నలుగురిలో అసలు నోరే విప్పేది కాదు. ‘మీ అమ్మగారు ఎంత నెమ్మదో’ అని పక్క ఫ్లాట్ల వాళ్ళు మెచ్చుకుంటుంటే నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చేది. అమ్మ నెమ్మదేమిటి, శుక్రవారం మా ఇంటికొచ్చి చూస్తే తెలిసేది వాళ్ళకి.

శుక్రవారం గంగారాం మామ వచ్చేవాడు. అమ్మకు సొంత తమ్ముడు, షట్టరింగ్ కార్పెంటరు, ఊరి చివర లేబర్ క్యాంపులో ఉండేవాడు. వారమంతా డ్యూటీ చేసి, ఆ ఒక్కరోజు తలకు నూనె పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మజ్జిగలాంటి లబన్ సీసా ఒకటి, ఖర్జూరాల పొట్లం ఒకటి పట్టుకుని వచ్చేవాడు. వట్టి చేతులతో అక్క ఇంటికి రాకూడదని ఆయన పట్టుదల. తలకాయ కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాక అందరం కార్పెట్ మీద చేరగిలబడేవాళ్ళం. అప్పుడు అమ్మ కొంగు నడుముకు దోపి ముచ్చట మొదలుపెట్టేది. సర్పంచి నడక, పోస్టుమాస్టరు దగ్గు, మా నాయనమ్మ సాధింపు, చివరికి మా ఊరి మేక మొండితనం కూడా అమ్మ ఒంటి మీదికి వచ్చి పోయేవి. మామ పొర్లి పొర్లి నవ్వి, తువ్వాలతో కళ్ళు తుడుచుకుంటూ, “ఇగ ఆపే అక్కా, పొట్ట నొస్తున్నది” అనేవాడు. వారంలో ఆయన తన ఊరి మాట వినేది ఆ పూటే. క్యాంపులో ఆయన గదిలో మిగతావాళ్ళంతా వేరే దేశాల వాళ్ళు.

అమ్మ చెప్పేవాటిలో మామ ప్రతివారం అడిగి మరీ చెప్పించుకునేది ఎల్లవ్వ ముచ్చట. ఎల్లవ్వ మా ఊళ్ళో గొర్రెలు కాసే ఆమె. కొడుకు దుబాయ్ పోయాడు. అంటే ఇక్కడికే, మా ఊళ్ళో అరబ్బు దేశాలన్నీ దుబాయే. వాడు ఫోన్ చేస్తే ఎల్లవ్వ మొదట అడిగింది, “బిడ్డా, ఆడ వాన పడ్డదా?” అని. వాన పడదన్నాడు వాడు. చెట్లున్నయా అంటే లేవన్నాడు. చెరువుందా అంటే లేదన్నాడు. ఎల్లవ్వ కాసేపు ఆలోచించి, “వాన లేదు, చెట్టు లేదు, చెర్వు లేదు. అయ్యో పాపమని జెప్పి దేవుడు ఆళ్ళకు పైసలిచ్చిండు బిడ్డా. మనకు వానిచ్చిండు గదా, ఇగ పైసలెందుకిస్తడు?” అంది. ఈ చివరి మాట దగ్గర అమ్మ చేతిలో లేని కర్రను నేలకు ఆనించి, మా అందరి ముఖాలూ ఒక్కసారి చూసేది. మామ నవ్వి నవ్వి, కాసేపటికి ఉట్టినే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు.

ఇక సుభద్ర ఆంటీ. కాకినాడ వాళ్ళు, ఇంగ్లీషులో ఎం.ఏ. వాళ్ళాయన బాపు ఆఫీసులోనే పెద్ద ఇంజనీరు. తెలుగు పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు, తెలుగు రెండూ చెప్పేది. ఉగాదికి ఇక్కడి మా తెలుగు సంఘం వేసే నాటికలన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగేవి. నా ఉచ్చారణ దిద్దింది ఆవిడే. ‘శ’కు ‘ష’కు తేడా తెలిసేదాకా వదిలేది కాదు. నాకు ఆవిడంటే పిచ్చి. ఆవిడలా చీర కుచ్చిళ్ళు పెట్టుకోవాలని, ఆవిడలా తల పక్కకు వాల్చి మాట్లాడాలని ఉండేది. గ్రీకు దేవతల కథలు చెబుతూ ఓరోజు థాలియా గురించి చెప్పింది. కళలకు తొమ్మండుగురు అక్కచెల్లెళ్ళట, అందులో హాస్యం ఈవిడదట. పల్లెల మీద, పచ్చిక బయళ్ళ మీద కట్టే కవిత్వానికీ ఈవిడే దేవత. తలకు తీగల దండ, ఒక చేతిలో నవ్వుతున్న మాస్కు, ఇంకో చేతిలో గొర్రెలు కాసే కర్ర. ఆ పేరుకు వికసించడమని అర్థమట. నేను ఇంటికి పరిగెత్తుకొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ పిండి పిసుకుతూ ఆగి, “ముఖం చేతుల పట్టుకొని తిరుగుతదా? మరి బువ్వ ఎట్ల తింటది?” అంది. కర్ర సంగతి చెప్పాక, “గొర్లు కాసుడు, నవ్విచ్చుడు దేవత పనైతె మా ఎల్లవ్వ గూడ దేవతే ఇగ” అంది.

ఆ మాట నేను మర్నాడే ఆంటీకి చెప్పాను. ఎల్లవ్వ ముచ్చట కూడా చెప్పాను, మా అమ్మే అసలు థాలియా అని కూడా అన్నాను. ఇందులో నా తప్పేమీ లేదు, అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. అమ్మను చూసి గర్వపడ్డాను, అంతే. ఆంటీ కళ్ళు మెరిశాయి. “అయితే మీ థాలియాను చూడాల్సిందే. శుక్రవారం వస్తాను, భోజనం కూడా అక్కడే” అంది.

అమ్మ కంగారుపడింది. కాకినాడ మేడమ్ ఏం తింటుంది, ఎక్కడ కూర్చుంటుంది, నేనేం మాట్లాడాలి అని ఒకటే హైరానా. ఆంటీ వచ్చి కుర్చీ వద్దని కార్పెట్ మీదే కూర్చుంది. జొన్నరొట్టె రెండోది అడిగి వేయించుకుంది. అమ్మ ముక్కలు ముక్కలుగా ఆవిడ భాషలో మాట్లాడబోతుంటే చేయి పట్టుకుని, “అలా కాదండీ. మీ ఇంట్లో మీరెలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి. నా దగ్గర దాపరికమేమిటి, నేను మీ అక్కలాంటిదాన్ని” అంది. అమ్మ నా వైపు చూసింది, బాపు వైపు చూసింది. తర్వాత కొంగు దోపింది. మామ తప్ప బయటి మనిషి ముందు అమ్మ అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆరోజు ఎల్లవ్వ ముచ్చట ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. ఆంటీ పడీ పడీ నవ్వింది. మధ్యలో ఆపి, “ఏమిటీ, ఆ మాట ఇంకోసారి అనండి” అని అడిగేది. అమ్మ సంబరంగా ఇంకోసారి అనేది. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, డబ్బానిండా సకినాలు ఇచ్చింది. ఆంటీ అమ్మ కట్టుకున్న గళ్ళ చీర అంచు పట్టుకుని చూసి, “ఎంత ముచ్చటగా ఉందో, ఉగాది ఫంక్షన్‌కు నేను కట్టుకుంటాను, ఇస్తారా?” అని అడిగింది. ఇక్కడ ఫంక్షన్లకు ఆడవాళ్ళు చీరలు మార్చుకోవడం మామూలే, కానీ అమ్మ చీర అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అమ్మ ఆ చీరను మర్నాడే ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి నాతో పంపింది. ఆ వారమంతా ఇంట్లో పాటలు పాడుతూ తిరిగింది.

ఆ ఉగాదికి ఆంటీ నాకు థాలియా వేషం ఇచ్చింది. ఆకుపచ్చ కాగితం తీగల దండ, అట్టతో చేసిన నవ్వు ముఖం, కర్ర. నేను ముందుగా వచ్చి హాస్యదేవతగా నాలుగు మాటలు చెప్పి, నాటిక అయ్యేదాకా వేదిక పక్కనే బొమ్మలా నిలబడాలి. నాటికేమిటని అడిగితే, “సర్‌ప్రైజ్‌గా ఉండనీ అమ్మడూ” అంది. స్కూలు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో ఇంజనీర్లు, డాక్టర్ల కుటుంబాలు. అమ్మ, బాపు నాలుగో వరసలో. వెనక గోడకు ఆనుకుని, క్యాంపుల నుంచి వచ్చిన మనవాళ్ళ మధ్య మామ. నేను నా మాటలు తడబడకుండా చెప్పాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు తెరలోంచి ఆంటీ వచ్చింది. ఒంటి మీద అమ్మ చీర. ముక్కుకు అమ్మలాంటి ముక్కుపుడక. కొంగు నడుముకు దోపుకుని, చేత్తో కర్ర పట్టుకుని, “ఓ బిడ్డో” అని కేక పెట్టింది. హాలంతా గొల్లుమంది. ఇంకా జోకేమీ చెప్పలేదు, ఆ రెండు ముక్కలకే.

నాటిక పేరు ‘దోహాలో ఎల్లవ్వ’. ఎల్లవ్వ కొడుకింటికి వస్తుంది. లిఫ్టు చూసి దండం పెడుతుంది. షాపింగ్ మాల్ ఫౌంటెన్లో కాళ్ళు కడుక్కుంటుంది. చదువుకున్న కోడలు తల కొట్టుకుని, ఎలా మాట్లాడాలో నేర్పుతుంది. అమ్మ మాటలన్నీ ఉన్నాయి అందులో. మొదట నవ్వినవాళ్ళలో అమ్మ కూడా ఉంది. తన మాట వేదిక మీద వినబడేసరికి పక్కనున్నామెను మోచేత్తో పొడిచి, ఏదో చెప్పబోయింది కూడా. అప్పుడు పక్కనున్నామె, “ఛీ, ఏం భాషండీ బాబూ” అంది, వేదిక మీదికి కూడా వినబడింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. అమ్మ చేయి వెనక్కి తీసుకోవడం నాకు వేదిక మీంచి కనిపించింది. ఆంటీ “వాన లేదు, చెట్టు లేదు, పాపమని జెప్పి పైసలిచ్చిండు” దాకా వచ్చింది. నేను ఎదురుచూశాను. ‘మనకు వానిచ్చిండు గదా’ అనే మిగతా సగం రాలేదు. దాని బదులు కోడలు, “అత్తయ్యా, ముందు మీరు మాట్లాడటం నేర్చుకోండి” అంది, తెర పడింది. మా ఇంట్లో చివరి మాట ఎల్లవ్వది. ఆంటీ దాన్ని లాక్కుని కోడలి చేతిలో పెట్టింది. అమ్మ ముచ్చటలో లోకాన్ని చూసి ఎల్లవ్వ నవ్వేది, ఆరోజు ఎల్లవ్వను చూసి లోకం నవ్వింది. నేను హాస్యదేవతను, కదలకూడదు. అట్టముఖం నా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఇంకొకటి కూడా చూశాను, రాయకుండా ఉండలేను. బాపు నవ్వాడు. పక్కన సుభద్ర ఆంటీ వాళ్ళాయన ఉన్నాడు మరి. ఆయన నవ్విన ప్రతిసారీ బాపు నవ్వాడు, ఒక్కోసారి ఆయన కంటే ముందే నవ్వాడు. బాపు పోయి చాలాకాలమైంది, ఆయన మంచితనం గురించి ఎన్ని పుటలైనా రాయగలను. కానీ ఆ నవ్వును నేను క్షమించలేకపోయాను.

తర్వాత ఆంటీ చెమట తుడుచుకుంటూ వచ్చి, అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. “ఎలా ఉంది? హాలు దద్దరిల్లిపోయింది చూశారా. అంతా మీ చలవే” అంది. ఆవిడ ముఖంలో వెటకారం లేదు, అదే నన్ను ఇన్నేళ్ళూ మండించింది. నిజంగానే గొప్ప మేలు చేశాననుకుంది. అమ్మ, “బాగుందండి” అంది. ఒకే ఒక్క మాట, తప్పు లేకుండా.

ఆ వచ్చిన శుక్రవారం మామ వచ్చాడు. అమ్మ తలుపు తీసి, “రా, కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?” అంది. మామ చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. “అక్కా, నాతోని గూడ గట్లనే మాట్లాడుతవా?” అన్నాడు. “అలవాటు చేసుకోవాలిరా. పిల్ల పెద్దదవుతోంది” అంది అమ్మ. బాపు పేపర్లోంచి తల ఎత్తి, “జోకే గదనే, గంత మనసుకు తీసుకుంటవేంది?” అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కంచాలు తెచ్చింది. తలకాయ కూర ఉంది, పచ్చిపులుసు ఉంది, ముచ్చట లేదు. మామ తిని, కాసేపు టీవీ చూసి, లేచాడు. గడప దగ్గర నా తల మీద చేయి పెట్టి, “కోడలా, అక్కను జర చూసుకో” అన్నాడు. ఆ తర్వాత వారాల్లో ఆయనకు ఓవర్‌టైం ఎక్కువైంది. నిజంగానే ఎక్కువైందో, మా ఇంట్లో ఊరు లేకుండా పోయిందని రావడం మానేశాడో నేనెప్పుడూ అడగలేదు. కాంట్రాక్టు అయిపోగానే జగిత్యాల వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. “మంచిగున్నవా అక్కా?” అని ఆయన, “బాగున్నానురా” అని ఈమె. రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

అమ్మ ఆ భాషను పట్టుదలగా నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఒక్క అక్షరం జారేది కాదు. జోక్ మాత్రం మళ్ళీ చెప్పలేదు. ఆ భాషలో అమ్మకు నవ్వించడం రాదు. మంచిచెడ్డలు మాట్లాడగలదు, కూరల ధరలు మాట్లాడగలదు, పెళ్ళిళ్ళకు పిలవగలదు. నేను హాస్య కథలు రాస్తానని, అది సుభద్ర గారి శిక్షణ అని అందరూ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను రాసేదంతా ఆ కార్పెట్ మీద విన్నదే. విన్నదాన్ని ఆంటీ నేర్పిన తెలుగులోకి దించుకుని రాస్తాను, అందులో సగం రుచి దారిలోనే పోతుంది. ఇప్పుడేమో కాలం తిరగబడింది. మా ఆఫీసులో గుంటూరు పిల్లలు కూడా ‘మస్తు’, ‘జర’ అంటున్నారు. సినిమాల్లో హీరోలు మామలాగా మాట్లాడుతున్నారు. ఆనాడు ముక్కు చిట్లించినవాళ్ళ పిల్లలే ఇవాళ ఆ యాస నేర్చుకోవాలని తంటాలు పడుతున్నారు. మంచిదే. కానీ మా ఇంట్లో దాన్ని పోగొట్టుకున్న మనిషికి ఎవరు తెచ్చిస్తారు?

మొన్న శుక్రవారం ఆంటీ వచ్చింది. మోకాళ్ళు నొప్పులు, మనవరాలు చేయి పట్టుకుని నడిపించుకొచ్చింది. పిల్ల పేరు తన్వి, చక్కటి పిల్ల. అమ్మ టీ, బిస్కెట్లు పెట్టింది. మోకాళ్ళ గురించి, బీపీ గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. అప్పుడు ఆంటీ మనవరాలితో, “మీరు రీల్స్ చేస్తారు కదే ఆ యాసలో, అసలైనది వినాలంటే ఈవిడ దగ్గర వినాలి” అని అమ్మ వైపు తిరిగింది. “ఏదీ, మీ యాసలో ఒక్క ముక్క మాట్లాడండి. తన్వి వీడియో తీసుకుంటుంది. ఇప్పుడు దానికే కదా గిరాకీ.” పిల్ల ఫోన్ ఎత్తి పట్టుకుంది. అమ్మ టీకప్పు కింద పెట్టి, చిన్నగా నవ్వి, “నాకంత బాగా రాదండి. మీరే బాగా మాట్లాడతారు కదా, మీరు మాట్లాడండి” అంది.

ఆంటీకి అది తగల్లేదు. కుర్చీలో నిటారుగా సర్దుకుంది. ఆ వయసులోనూ గొంతు ఎలా మారిందో చెప్పలేను. “వాన లేదు, చెట్టు లేదు, చెర్వు లేదు” అని మొదలుపెట్టి, పైసలిచ్చిండు దగ్గర ఆపేసింది. తన్వి కిలకిలా నవ్వింది. నేను అమ్మ వైపు చూశాను. మిగతా సగం అమ్మ దగ్గరే ఉంది, అంటుందేమోనని చూశాను. అమ్మ బిస్కెట్ల పళ్ళెం ఆంటీ ముందుకు జరిపింది. నేనిక ఆగలేకపోయాను. అమ్మ మాటలోనే చెప్పాలని, చెప్పి కడిగేయాలని నోరు తెరిచాను. ఎంత వెతికినా ఆ మాట నాలుక మీదికి రాలేదు. “ఆంటీ, అది మా అమ్మ కథ. మీరు సగమే చెప్పారు. మా అమ్మ దగ్గర నుంచి భాషనే లాగేసుకున్నారు మీరు, ఆ విషయం మీకు ఈనాటికీ తెలియదు” అన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు. తన్వి ఫోన్ కిందికి దించింది. ఆంటీ కాసేపు నన్నే చూసి, తల పక్కకు వాల్చి, మనవరాలి వైపు తిరిగింది.

“విన్నావా, కోపంలో కూడా ఉచ్చారణ ఎంత శుభ్రంగా ఉందో” అంది. “నేను నేర్పిందే.”